పీఠాధిపతుల అనుమతితో

పిడుగురాళ్లలో మా ప్రెస్సుకు వచ్చేవాళ్లందరిలోకీ కుదురు లేని మనిషి కృపాదానం మాస్టారు. కుర్చీ వేస్తే కూర్చోడు. టీ తెప్పిస్తే చల్లారేదాకా తాగడు, చల్లారాక చల్లారిందంటాడు. నెలకోసారి తన 'పల్నాటి కథోలిక కబురు' అచ్చుకు తెచ్చినప్పుడు నా వెనక నిలబడి కంప్యూటర్ తెర చూస్తూ, "ఆ కామా తీసెయ్యి మహమూదా... వద్దులే, ఉండనియ్" అంటూ నా ప్రాణం తోడేస్తాడు. హెడ్మాస్టరుగా రిటైరై ఏళ్లు గడిచినా బెత్తం ఇంకా చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది వరస.

మా నాన్న పోయాక ప్రెస్సు నేనే నడుపుతున్నాను. పెళ్లికార్డులు, సున్నం బట్టీల బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లప్పుడు కరపత్రాలు. ముసల్మానుల ఆడపిల్లనైనా మాస్టారి పత్రిక పుణ్యమా అని కథోలిక క్రైస్తవుల సంగతులన్నీ నాకు తెలిసిపోయాయి. వాళ్ల ఏర్పాటు పద్ధతిగా ఉంటుంది. ఊళ్లో ప్రార్థనలు చెప్పడానికి ఉపదేశి, ఆయన మీద ఫాదర్, ఫాదర్ మీద బిషప్పు, బిషప్పు మీద రోములో పోపుగారు. పత్రికలో ఒక మాట రావాలంటే పైనుంచి అనుమతి దిగాలి. 'కథోలిక' అని పేరు పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి. మాలో అలా అందరికీ కలిపి ఒక పెద్దాయన లేడు. ఉంటే ఎంత నెమ్మదిగా ఉంటుందో, ఎవరినడగాలో ముందే తెలుస్తుంది గదా అనుకునేదాన్ని. కాలవకు నీళ్లు వదిలిన ఆ నెలలోనే నా భ్రమ వదిలింది.

ప్రతినెలా ప్రూఫులు బిషప్పుగారి ఆఫీసుకు పోతాయి. అక్కడ ఒక ఫాదర్ చదివి సంతకం పెడితే నేను మిషను ఎక్కిస్తాను. ఆ నెల ప్రూఫులు తిరిగొచ్చేసరికి మాస్టారు రాసిన వ్యాసం మీద అడ్డంగా ఎర్ర గీత ఉంది.

వ్యాసం జోజిపాలెం సమాధుల తోట గురించి. మాచవరం అవతల ఉంటుంది ఆ ఊరు. ఊళ్లోవాళ్లూ, ఊరవతలి దళితుల పల్లెవాళ్లూ అందరూ కథోలికులే, ఒకే గుడిలో మోకరిస్తారు. పోయాక మాత్రం మధ్యలో గోడ. గోడకు ఇవతల మెరకలో ఊళ్లోవాళ్ల పాలరాతి సమాధులు. అవతల పల్లంలో, కాలవ పక్కన, పల్లెవాళ్ల మట్టిదిబ్బలు. కాలవ పారేటప్పుడు అక్కడ గుంట తవ్వితే నీళ్లు ఊరతాయి. బకెట్లతో తోడి తోడి, ఊట ఆగకపోతే ఆ నీళ్లలోనే పెట్టె దించుతారు. మాస్టారిది ఆ పల్లే. వాళ్లమ్మను అలాగే దించారు.

"ఒకే నీళ్లతో జ్ఞానస్నానం ఇచ్చి, ఒకే అప్పం నోట్లో పెట్టి, చచ్చాక గోడ కట్టేది క్రీస్తు మతం కాదు" అని రాశాడాయన. అక్కడితో ఆగలేదు. "ఈ గోడ ఫాదర్లకు తెలుసు, బిషప్పులకు తెలుసు. తెలిసి ఊరుకున్నవాళ్లకు పెద్ద అయినందుకు పోపుగారు కూడా దీనికి బాధ్యులే" అని ముగించాడు. ఎర్ర సిరా ఫాదర్ ఆ చివరి వాక్యం పక్కన, జగద్గురువులైన పోపుగారిని దోషిగా నిలబెట్టడం కథోలిక పత్రిక పని కాదనీ, వ్యాసం మొత్తం తీసేయమనీ రాశారు.

మాస్టారు కాలుగాలిన పిల్లిలా ప్రెస్సంతా తిరిగాడు. తిరిగి తిరిగి నా ముందు ఆగాడు.

"ఎయ్యి మహమూదా. ఏమైతే అదైంది."

"అనుమతి లేదుగా మాస్టారూ."

"లేదు గాబట్టి ఆ లైను తీసెయ్యి. ఆయన ఇయ్యనిది ఇచ్చినట్టు మనం ఎందుకు ఏసుకోవాల? తిట్లొస్తే నాకే రానియ్."

లోపలి పేజీలో ప్రతినెలా ఉండే 'పీఠాధిపతుల అనుమతితో' అన్న లైను, అంటే బిషప్పుగారు ఒప్పుకున్నారన్న లైను, నా చేత్తోనే తీసేశాను. ఇద్దరం సరిచూసుకున్నాం. అచ్చయింది, పత్రికలు ఊళ్లకు వెళ్లిపోయాయి. మాకు తట్టనిది ఒక్కటే. రంగుల అట్టలు ఏడాదికి సరిపడా జనవరిలోనే ఒకేసారి వేయించి పెట్టుకుంటాం, చవకవుతుందని. ఆ అట్ట లోపలివైపు నవ్వుతున్న పోపుగారి ఫోటో, ఫోటో కింద పెద్ద అక్షరాల్లో అదే లైను ఉన్నాయి. రోజూ కళ్లెదుట ఉండే వస్తువు కళ్లకు కనపడదు.

జోజిపాలెంలో ఒక ఆచారం ఉంది. నెల మొదటి ఆదివారం ఫాదర్‌గారు వచ్చి పూజ చేసి, ఇంకో ఊళ్లో పూజ ఉంటుంది గనక వెంటనే వెళ్లిపోతారు. ఆయన బండి మలుపు తిరగ్గానే పల్లెకు చెందిన ఉపదేశి జ్ఞానయ్య పత్రిక తెరుస్తాడు. ముందు అట్ట తిప్పి పోపుగారి ఫోటో అందరికీ చూపిస్తాడు. ఆ తర్వాత "పీఠాధిపతుల అనుమతితో" అని గొంతెత్తి మొదలుపెట్టి, చివరి పేజీదాకా ఒక్క ముక్క వదలకుండా చదువుతాడు. చదువు రానివాళ్ల కోసం ఎప్పుడో మొదలైన పద్ధతి. ఇప్పుడు ఫోనుల్లో ప్రపంచమంతా చదివే పిల్లలు కూడా పత్రికను మాత్రం చెవులతోనే వింటారు. జ్ఞానయ్య నోట ఆ మొదటి లైను వచ్చిందంటే, వెనక వచ్చేదంతా బిషప్పుగారి మాటే, బిషప్పుగారిదంటే పోపుగారిదే.

ఆ ఆదివారం గోడ వ్యాసం చదవడం అయ్యేసరికి గుడిలో ఎవరూ దగ్గలేదట. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, గోడ వద్దని రోమునుంచి ఆర్డరొచ్చిందని.

జ్ఞానయ్య భార్య ఆరోగ్యమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ, "అయితే నన్ను ఇవతలే పెట్టయ్యా, ఆ నీళ్లల్లో పెట్టమాక" అందట. నవ్వుతూనే అంది. వారం తిరక్కుండా మిరప చేలో కలుపు తీస్తూ తీస్తూ కూలబడిపోయింది. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

ఫాదర్‌గారు ఎక్కడో ధ్యానకూటాల్లో ఉన్నారు. జ్ఞానయ్యే తన భార్యకు తానే ప్రార్థనలు చెప్పుకున్నాడు. పల్లె మగవాళ్లు గోడకు ఇవతల, మెరకలో, ఒక మూల ఖాళీ చూసి గుంట తవ్వారు. ఊళ్లోవాళ్లు కొందరు గేటు దగ్గరికి వచ్చి ఇదేందని అడిగారు. జ్ఞానయ్య ఏడుస్తూనే అట్ట తిప్పి చూపించాడు. పోపుగారి ఫోటోకు చేతులు జోడించి వాళ్లు వెనక్కి పోయారు. గొడవ లేదు, మాట లేదు. ఆరోగ్యమ్మ పొడినేలలో పడుకుంది. ఇదంతా మాస్టారు ప్రెస్సుకు వచ్చి చెబుతుంటే నా ఒళ్లు పులకరించింది. ఒక వ్యాసానికి ఇంత బలం ఉందా అనుకున్నాను. బలం వ్యాసానిది కాదని మర్నాడు తెలిసింది.

మర్నాడు మర్రెడ్డిగారు వచ్చారు. జోజిపాలెం పెద్దమనిషి. తోటకు స్థలం ఇచ్చిందీ, గోడ కట్టించిందీ ఆయన తాతే. చెవి మిషను పెట్టించుకోవడానికి హైదరాబాదు వెళ్లి, ఇదంతా జరిగాక ఊళ్లో దిగారు. పత్రిక నా టేబుల్ మీద పడేశారు.

"ఏమ్మా, ఇది నువ్వేసిందేనా?"

"అవునండి."

"బిషప్పుగారి అనుమతి ఉందని ఏశావు. ఫోన్ చేస్తే నేనియ్యలేదంటన్నారు. ఏంది కథ?"

"మేం ఆ లైను తీసేశామండి" అని ధీమాగా కంప్యూటర్లో పేజీ తెరిచి చూపించాను. ఆయన తెర వంక చూడనైనా చూడకుండా పత్రిక అట్ట తిప్పి వేలు పెట్టారు. మూలన కట్టలు కట్టి పెట్టిన అట్టలన్నిటి లోపలా పోపుగారు అలాగే నవ్వుతున్నారు.

"నేను ఢిల్లీలో పోపుగారి రాయబారికి రాశానమ్మా" అన్నారు మర్రెడ్డిగారు. అరవడం లేదు, అదే భయంగా ఉంది. "కథోలిక అని పేరు పెట్టుకుని, పోపుగారి ఫోటో ఏసి, ఆ ఫోటో ఎనక పేజీలో పోపుగారినే తప్పు పడతన్నారు. ఆపగలిగినోళ్లు ఆపకపోతే అది వాళ్ల మాటే అనుకోవాల్సొస్తది అని రాశా. బిషప్పుగారిక్కూడా అదే చెప్పా."

"ఆరోగ్యమ్మ మంచిమనిషేగదండీ" అన్నాను, ఏమనాలో తెలియక.

"మంచిదే. మా చేలోనే చేసింది. మంచితనం ఏరు, వరస ఏరు. నువ్వు కాగితం సరిచెయ్యి. ఆ గుంట నేను సరిచేస్తా."

ఆయన కారు వెళ్లాక మాస్టారికి ఫోన్ చేశాను. పొద్దున వేసుకోవాల్సిన బీపీ మాత్ర మధ్యాహ్నానికీ వేసుకోలేదని వాళ్ల కోడలు బిందు తిడుతుండగానే ఆయన వచ్చేశాడు. అట్ట చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "నా మాటను నేనే చంపుకున్నా" అని మాత్రం అన్నాడు. నాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు. కోపమొచ్చింది. ఒక లైను ఉంటే సమాధి ఉంటుంది, ఆ లైను అబద్ధమైతే సమాధి పోతుంది. మనుషులకు మనుషుల మీద ఇంత చిన్న నమ్మకమా?

బిషప్పుగారు మా ఇద్దరినీ రమ్మన్నారు. బంగళాలో వరండా పొడుగునా పాత బిషప్పుల ఫోటోలు, చివర్లో పోపుగారిది. మాస్టారు ఆ వరండాలోనే ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. లోపలికి పిలిచాక బిషప్పుగారి చేతి ఉంగరం ముద్దు పెట్టుకుని నిలబడే ఉన్నాడు. బిషప్పుగారు అలసిపోయిన మనిషిలా ఉన్నారు. నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు. అట్ట సంగతి నేను చెబితే నమ్మారు.

"కావాలని చేయలేదని తెలుసు" అన్నారు. "కానీ మాస్టారూ, కథోలిక అనే పేరు మీది కాదు. నాదీ కాదు. పోపుగారు నన్ను నమ్మి ఇచ్చారు, నేను మిమ్మల్ని నమ్మి ఇచ్చాను. మీరు ఏమన్నా జనం నన్నడుగుతారు. నేను ఊరుకుంటే ఆయన్నడుగుతారు. మర్రెడ్డిగారు అడగనే అడిగారు. ఢిల్లీనుంచి నాకు ఫోనొచ్చింది. నేనిప్పుడు మాట్లాడకపోతే మీ వ్యాసం నాదైపోతుంది."

"మాట్లాడకపోతే మీదైపోద్దా అయ్యా?" మాస్టారు అడిగాడు.

"అవుతుంది. మౌనం అర్ధాంగీకారం అంటారుగా."

"మరి ఆ గోడ?"

బిషప్పుగారు తలెత్తారు.

"మా అమ్మను నీళ్లల్లో దించిననాటికే ఉందయ్యా ఆ గోడ. అప్పటినించి ఈ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో బయట ఫోటోలున్నాయి. ఒక్కరూ మాట్లాడలా. నా వ్యాసానికి నెల తిరక్కుండా ఢిల్లీనించి ఫోనొచ్చింది. గోడకి ఇన్నేళ్లలో ఒక్క ఫోనన్నా వచ్చిందా? మాట్లాడకపోతే మీదైపోయేటట్టయితే, ఆ గోడ ఎవరిదయ్యా?"

బిషప్పుగారి ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో నాకు తెలియలేదు. ఒక కాగితం ముందుకు జరిపారు. అందులో ఒకటే వాక్యం. గత సంచికలో వచ్చిన 'గోడ' వ్యాసానికి పీఠాధిపతుల అనుమతి లేదు.

"ఇది నిజమేనా, అబద్ధమా?" అన్నారు.

"నిజమే."

"అయితే వేయండి. వేయకపోతే పత్రిక పేరులోంచి కథోలిక అన్న మాట తీసేయాల్సి వస్తుంది. గోడ సంగతి తర్వాత చూద్దాం."

నేను ఊరుకోలేకపోయాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా అమ్మ ఎప్పుడూ తిడుతుంది. "ఇది వేస్తే ఆ తల్లిని తవ్వి బయటపడేస్తారండీ" అన్నాను.

"తవ్వమని నేను రాయలేదుగా అమ్మా."

"వద్దని కూడా రాయలేదుగా అండీ."

ఆయన నావైపు చూశారు. లోపల గంట కొట్టారు, ప్రార్థన వేళ అని లేచారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పెద్దకుర్చీల్లో అందరూ ఒక్కటే అనుకుంటూ బస్సెక్కాను. దారి పొడుగునా మాస్టారు కిటికీ అద్దం తెరుస్తూ మూస్తూ వచ్చాడు. ముందు సీటావిడ విసుక్కుంది.

ఆ వాక్యం కంపోజ్ చేయడానికి నిమిషం పట్టదు. మాస్టారు మాత్రం రోజంతా పట్టించాడు. "దాని కింద నాదొక్క ముక్క ఏద్దామా?" అంటాడు. నేను సరే అనేలోపే "వద్దులే, ఎయ్యి" అంటాడు. పత్రిక ఆపేద్దామంటాడు, పేరు మార్చేద్దామంటాడు. పేరు మారిస్తే జోజిపాలెంలో ఆ పత్రిక ఎవరు వింటారని మళ్లీ ఆయనే అడుగుతాడు. కొత్త అట్టలు వేయించాను, అనుమతి ఉన్న నెలకే ఆ లైను రబ్బరు స్టాంపుతో కొట్టుకునేట్టు. ఈసారి ప్రూఫులకు సంతకం అయింది గనక స్టాంపు కొట్టాను.

కట్ట తీసుకుపోవడానికి జ్ఞానయ్య వచ్చాడు. భార్య పోయాక గడ్డం తీయలేదు. నిలబడే ఆ వాక్యం చదువుకున్నాడు.

"జ్ఞానయ్యా, ఈ ఆదివారం నీకు ఒంట్లో బాగాలేదు" అన్నాడు మాస్టారు. "గుడికి పోమాక. ఎవరూ చదవరు, ఎవరికీ తెలవదు."

"నాకు బాగానే ఉంది మాస్టారూ."

"ఒరేయ్, నా మాట ఇను. నీ నోటితో నువ్వే చదువుతావా ఇది? రేపు మర్రెడ్డి పార పంపిస్తే?"

జ్ఞానయ్య కట్ట భుజాన పెట్టుకున్నాడు. "మొన్నది చదివినోణ్ణి నేనే. అది విని గదా ఊరోళ్లు ఎనక్కి పోయింది. ఇయ్యాల ఇది దాచిపెడితే, మొన్నది కూడా దొంగమాటే అయిపోద్ది. నా భార్యను దొంగతనంగా పెట్టినట్టు అయిపోద్ది. అట్టా వద్దు మాస్టారూ."

ఆయన వెళ్లాక మాస్టారు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

ఆదివారం నేను ఇంట్లో ఉండలేకపోయాను. ఆటో కట్టించుకుని జోజిపాలెం పోయాను. ఫాదర్‌గారి బండి ఎదురైంది. నేను వెళ్లేసరికి గుడి తలుపు బయట చెప్పుల దగ్గర మాస్టారు నిలబడి ఉన్నాడు. లోపల జ్ఞానయ్య అట్ట తిప్పి ఫోటో చూపించాడు. "పీఠాధిపతుల అనుమతితో" అన్నాడు. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, ప్రార్థన తలంపులు అన్నీ వరసగా చదివాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వెనక వరసవాళ్లకు వినపడలేదేమోనని రెండోసారి కూడా చదివాడు.

మర్రెడ్డిగారు లేచారు. "ఇన్నారుగదా అందరూ. పదండి."

అందరూ సమాధుల తోట దగ్గరికి నడిచారు. ఆరోగ్యమ్మ దిబ్బ మీద బంతిపూలు ఇంకా పూర్తిగా ఎండలేదు. మర్రెడ్డిగారు పల్లె మగవాళ్ల వైపు తిరిగారు.

"ఒరేయ్, నలుగురు పారలు తీసుకురండి. గౌరవంగానే తీసి అవతల పెడదాం. ఖర్చు నేను పెట్టుకుంటా."

ఎవరూ కదల్లేదు. ఆయన పేర్లు పెట్టి పిలిచారు. పిలిచినవాళ్లు నేల చూపులు చూశారు. ఆ ఊళ్లో ఇంతవరకూ ఏ గుంటైనా పల్లెవాళ్లు తవ్విందే. మర్రెడ్డిగారి తాతకూ, నాన్నకూ, పోయినేడు పోయిన భార్యకూ వాళ్లే తవ్వారు. ఊళ్లోవాళ్లలో ఎవరూ ఎన్నడూ ఆ పార పట్టింది లేదు. ఇప్పుడు కూడా పట్టుకుంటామని ఒక్కరూ ముందుకు రాలేదు.

"ఎమ్మార్వో పర్మిషను లేకుండా శవాన్ని తియ్యకూడదు రెడ్డిగారూ! కేసవుద్ది!" అని మాస్టారు అరిచాడు.

"పెట్టేటప్పుడు ఏ ఎమ్మార్వోని అడిగారయ్యా?" అని ఆయన ఫోన్ తీశారు. కాలవగట్టు పని మీద ఉన్న జేసీబీకి కబురు పెట్టారు. కాసేపటికే దడదడమంటూ వచ్చింది. దాని డ్రైవరు నాగేంద్రబాబు దిగి తోట చుట్టూ తిరిగి వచ్చాడు. ఈ మతం సంగతీ, గోడ సంగతీ అతనికి ఏమీ తెలియదు.

"బండి యాడనించి రావాల సార్? గేటులో పట్టదు" అన్నాడు. "ముందునించి రమ్మంటే ఈ పాలరాతి సమాధుల మీద ఎక్కించాల, నుగ్గయిపోతాయి. ఎనకనించి అయితే ఆ గోడ పగలగొట్టుకుని రావాల. రెండిట్లో ఏది పగలగొట్టమంటారో చెప్పండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మర్రెడ్డిగారు ముందు తన వాళ్ల సమాధుల వైపు చూశారు, తర్వాత తాత కట్టిన గోడ వైపు చూశారు. జేసీబీ ఇంజను గురగురలాడుతూనే ఉంది. పల్లెవాళ్లు గానీ ఊళ్లోవాళ్లు గానీ ఒక్కరూ ఆయనకు సాయం మాట అనలేదు. నాకు పాపం అనిపించింది, అనిపించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆయన బిషప్పుగారికి ఫోన్ చేశారు. కొత్త చెవి మిషను కూత పెడుతుందని స్పీకర్లో పెట్టి మాట్లాడారు.

"అయ్యా, మీ సవరణ చదివారు. అనుమతి లేదని తేలిపోయింది. ఆ శవాన్ని అవతలకి తీపిస్తన్నా. గోడ కొంచెం పగలగొట్టి, పని అయినాక మళ్లీ కట్టిస్తా. మీ చెవినేద్దామని చేశా."

అటునుంచి మాట లేదు.

"ఇంటన్నారా అయ్యా?"

"వింటున్నాను."

"మరి ఏమంటారు?"

మళ్లీ మాట లేదు. మాస్టారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఆయనకే తెలియదు.

"ఏమీ అనకపోతే మీకు ఇష్టమేననుకుంటానయ్యా" అన్నారు మర్రెడ్డిగారు. "మీరు ఊరుకున్నారు గాబట్టి చేశానని నలుగురికీ చెప్పుకుంటా."

"ఆగండి." బిషప్పుగారి గొంతు తోటంతా వినపడింది. "నాకు ఇష్టం లేదు. ఆమెను కదిలించడానికి నా అనుమతి లేదు."

"పెట్టడానికీ లేదుగదయ్యా. మీరే రాయించారు."

"రాయించాను. అడగలేదు గనక ఇవ్వలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో... తర్వాత చూద్దాం అనేవాణ్ణేమో. అది నా తప్పే. ఇప్పుడు చెబుతున్నాను మర్రెడ్డిగారూ. ఆ తల్లి అక్కడే ఉంటుంది. ఇది నా మాట. ఢిల్లీకి రాయండి, రోముకు రాయండి, నా పేరు పెట్టే రాయండి. జవాబు నేను చెప్పుకుంటాను."

మాస్టారు ఉండబట్టలేక ఫోను దగ్గరికి వెళ్లాడు. "గోడ అయ్యా? గోడ సంగతి?"

"మాస్టారూ, మీరు ఇంకా..." అని బిషప్పుగారు నిట్టూర్చారు. "వస్తాను. వచ్చి చూస్తాను." ఫోన్ పెట్టేశారు.

మాస్టారి ముఖం సంతోషంతో వెలిగి, వెంటనే అనుమానంతో ముడుచుకుంది. వస్తానన్నవాడు ఎప్పుడొస్తాడో అని అప్పుడే మొదలైనట్టుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎవరి దేవుడికి చెప్పుకోవాలో తెలియక పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

నాగేంద్రబాబు జేసీబీ వెనక్కి తిప్పుకుపోయాడు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మర్రెడ్డిగారు మాత్రం భార్య సమాధి అంచున కూర్చుండిపోయారు. ఒక్కసారిగా ముసలివారైపోయినట్టు కనపడ్డారు. జ్ఞానయ్య దిబ్బ మీద పూలు సర్దుతుంటే చాలాసేపు చూశారు.

"ఒరేయ్ జ్ఞానయ్యా" అన్నారు. గొంతులో పెత్తనం లేదు. "ఇందాక ఒక్కడూ కదల్లా. రేపు నేను పోతే నాకు గుంట తవ్వుతారా, తవ్వరా?"

జ్ఞానయ్య లేచి చేతుల మట్టి దులుపుకున్నాడు.

"తవ్వుతామయ్యా. ఎందుకు తవ్వం? ఈమె పక్కన చోటుంది."